గిన్నె మీద సీలు

సోమవారం పొద్దున ఏడు కొట్టకముందే పెద్దమ్మ పిట్ట సంచి సర్దడానికి కూర్చుంది.

అది భుజాన తగిలించుకునే సంచి కాదు. నేల మీద పరిస్తే ఒక మనిషి కాళ్ళు ముడుచుకుని అందులో పడుకోవచ్చు. అడుగున ఈత కోసం పాదాలకి తొడుక్కునే రబ్బరు రెక్కలు, వాటి సందులో చేతి తొడుగులు, మందపాటి టోపీ, ఆ పైన లోపల వేసుకునే మెత్తటి బట్టలు రెండు జతలు. అన్నిటికీ పైన డ్రై సూటు. చలినీళ్ళలోకి దిగేవాళ్ళు ఒంటికి చుక్క తడి తగలకుండా వేసుకునే సూటు అది. బూట్లతో సహా ఒకే ముక్క. జిప్పు వేశాక దానిలోకి నీళ్ళు రావడానికి దారులు మూడే: రెండు మణికట్లు, ఒక మెడ. ఆ మూడు చోట్లా పల్చటి నల్ల రబ్బరు సీళ్ళు ఉంటాయి. చర్మానికి అతుక్కుని నీళ్ళని బయటే ఆపేస్తాయి.

డ్యాముల గేట్లకీ రేవు గోడలకీ నీటి అడుగున మరమ్మతులు చేసే చిన్న సంస్థలో సామాన్ల గది పెద్దమ్మది. చిరిగిన సూటు అతకడం, ఉతికి ఆరేయడం, సీళ్ళు మార్చడం, సంచి సర్ది చీటీ మీద ‘చూశాను’ అని రాసి సంతకం పెట్టడం ఆమె పని. పంతొమ్మిదేళ్ళుగా చేస్తోంది. అందరికీ ఆమె పెద్దమ్మే. ఆమె కంటే పదేళ్ళు మాత్రమే చిన్నవాడైన మేస్త్రికి కూడా.

పిట్ట గుమ్మంలో నిలబడి బూట్ల తాళ్ళు కట్టుకుంటోంది. ఇరవై ఆరేళ్ళ పిల్ల. ఆరుగురు డైవర్లలో ఆడపిల్ల ఆమె ఒక్కతే, చేరి నాలుగు నెలలైంది. సన్నటి పొడుగాటి మెడ చూసి మొదటి రోజే మగవాళ్ళు ఆ పేరు పెట్టేశారు. మెడకి ఇవాళ నూలు గుడ్డ చుట్టుకుంది.

"ఇలా రా," అంది పెద్దమ్మ.

"బానే ఉంది పెద్దమ్మా."

"నేనడిగానా బాగుందా లేదా అని? రమ్మన్నాను."

గుడ్డ తొలగించి చూసింది. దవడ కింద నుంచి గొంతు పక్కల దాకా చర్మం ఎర్రగా కమిలిపోయి ఉంది. ఒకచోట పొక్కు ఆరి పెచ్చు కట్టింది. పెద్దమ్మ వేలు దానికి ఒక అంగుళం దూరంలోనే ఆగిపోయింది.

"ఇంకా తగ్గలేదా?"

"శని, ఆదివారాలు తగ్గింది. మళ్ళీ నీళ్ళలోకి దిగితే మండుతుంది. అలవాటవుతుందిలే."

"ఈసారి మండదు చూడు. మూడు రాత్రులు గిన్నె మీద ఉంచాను. దారం చుట్టినంత కూడా నొక్కదు."

గిన్నె కిటికీ కింద బల్ల మీద బోర్లించి ఉంది. లోతైన అల్యూమినియం గిన్నె, పది మందికి వండేంత. ఒక చెవి ఎప్పుడో ఊడిపోయింది. కొత్త సీలు వస్తే పెద్దమ్మ దాన్ని ఆ గిన్నె మీదకి ఎక్కించి ఒకటో రెండో రాత్రులు వదిలేస్తుంది. రబ్బరు సాగి మెత్తబడుతుంది. సీలు అంచున గీతలు గీతలుగా వలయాలు ఉంటాయి. మెడ లావుని బట్టి ఒక్కో వలయం కత్తిరించుకుంటూ పోవాలని పెట్టె మీద బొమ్మ కూడా వేసి ఉంటుంది. పెద్దమ్మకి కత్తిరించడమంటే భయం. కోసిన ముక్క మళ్ళీ అతకదు, సాగిన రబ్బరు కాస్తో కూస్తో వెనక్కి వస్తుంది. పైగా ఉద్యోగంలో చేరిన వారంలోనే, ఇదే గదిలో, అదిగో ఆ ముక్కాలి పీట మీద, బిగుతు సీలు వేసుకుని కూర్చున్న ఒక డైవరు మాట్లాడుతూ మాట్లాడుతూ కళ్ళు తేలేశాడు. సీలు చింపి అవతల పారేస్తే గానీ ఊపిరి తీసుకోలేదు. అప్పటి నుంచి ఆమె లెక్క ఒకటే: బిగుతు చంపుతుంది. మరుసటి రోజే ఇంట్లోంచి గిన్నె తెచ్చింది.

సీలు లోపలా బయటా వాసన లేని పౌడరు చల్లి, చేత్తో తుడిచి, సూటుని మెడ పైకి వచ్చేలా మడత పెట్టింది. జిప్పు లాగి చీటీ మీద సంతకం పెట్టింది.

"ఏం వదులుతున్నావు?" అంది.

ఇది ఆ గదిలో పద్ధతి. బయటి ఊరు పనికి వెళ్ళే ప్రతి మనిషీ గోడ మీది కొక్కేలకి తన వస్తువు ఒకటి తగిలించి వెళ్ళాలి. తిరిగొచ్చాక తీసుకోవాలి. పెద్దమ్మ పెట్టిన రూలు. వస్తువు ఇక్కడుంటే మనిషి దాని కోసమైనా వస్తాడని ఆమె నమ్మకం. మేస్త్రి బట్టతల వాడు, ఎప్పుడూ ఒక దువ్వెన తగిలించి వెళ్తాడు. దుంగ అనే పెద్ద డైవరు ఇంటి తాళాలు తగిలించి, ఒకసారి తిరిగొచ్చాక తీసుకోవడం మరిచి ఇంటికెళ్ళి తలుపు ముందు రెండు గంటలు కూర్చున్నాడు.

"మావయ్య కొన్న క్లిప్పు," అని పిట్ట జుట్టులోంచి తీసి తగిలించింది. "పోతే పోయిందిలే, అసలే బాగోలేదు."

"పోతే గీతే అనకు పొద్దున్నే."

బయట వ్యాను హారను మోగింది. దుంగ లోపలికి వచ్చి రెండు సంచులు రెండు చేతులతో ఎత్తాడు. అతని మెడా తలా ఒకే లావు.

"పెద్దమ్మా, నా సీలు కూడా ఒక రాత్రి గిన్నె మీద పెట్టు, ఉక్కిరిబిక్కిరి అవుతోంది," అన్నాడు.

"నీ మెడకి గిన్నె చాలదు నాయనా, డ్రమ్ము తేవాలి."

"బుధవారం వస్తాం," అంది పిట్ట వ్యాను ఎక్కుతూ.

"వెళ్ళిరండి," అంది పెద్దమ్మ. వ్యాను మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడింది. తర్వాత లోపలికి వచ్చి కొక్కేలు లెక్కపెట్టింది. ఏడు వస్తువులు. ఏడుగురు మనుషులు.

*

పెద్దమ్మా, ఆమె చెల్లెలూ ఒకే ఇంట్లో ఉంటారు. మూడో అంతస్తు, రెండు గదులు, ఎండ పడే వంటగది. చెల్లెలు వండుతుంది, పెద్దమ్మ గిన్నెలు కడుగుతుంది. పంతొమ్మిదేళ్ళుగా చెల్లెలు అడిగేది ఒకటే.

"నా పెద్ద గిన్నె ఎప్పుడు తెస్తావే?"

"తెస్తాలే."

"ఎవరైనా నలుగురు వస్తే రెండు వాయిలు వండాల్సొస్తోంది. రబ్బరు సాగదీయడానికి నీకు లోకంలో ఇంకేం దొరకలేదా?"

"మనింటికి నలుగురు ఎప్పుడొచ్చారే?"

"గిన్నె ఉంటే వచ్చేవాళ్ళేమో."

మంగళవారం రాత్రి భోంచేస్తూ పెద్దమ్మ రెండుసార్లు లేచి కిటికీలోంచి చూసింది. వాన రాలేదు, గాలి లేదు. అయినా డ్యాము దగ్గర నీళ్ళు ఎంత చల్లగా ఉంటాయోనని అంది. చెల్లెలు ఇంకో ముద్ద కలుపుకుంది. ఆవిడకి ఈ ధోరణి అలవాటే.

బుధవారం నాలుగింటికి వ్యాను వచ్చింది. పెద్దమ్మ కిటికీ దగ్గరే ఉంది. తలలు లెక్కపెట్టుకుంది. మేస్త్రి, దుంగ, మిగతా నలుగురు, అందరికంటే వెనక పిట్ట. చలికోటు జిప్పు గడ్డం దాకా లాక్కుని, తల తిప్పకుండా, మెడ పట్టేసిన మనిషిలా నడుస్తోంది.

మేస్త్రి సరాసరి సామాన్ల గదిలోకే వచ్చాడు. కొక్కెం మీది దువ్వెన తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఈసారి నవ్వలేదు.

"రెండో రోజే పైకి లాగేశాను పెద్దమ్మా. గేటు బోల్టు బిగించాల్సిన పిల్ల రెంచీ పట్టుకుని గజగజ వణుకుతోంది. పైకొచ్చాక చూస్తే మెడంతా రక్తం. డ్యాము వాళ్ళ ఇంజనీరు అక్కడే ఉన్నాడు. చూశాడు."

"ఏమన్నాడు?"

"ఏమంటాడు? రిపోర్టు కావాలన్నాడు. శుక్రవారం డాక్టరు వస్తాడు. రబ్బరు ఒంటికి పడదని రాస్తే అంతటితో సరి. పిల్లని ఒడ్డు మీద పెడతాను. తాడు పట్టుకుంటుంది, గాలి పంపే కంప్రెసర్ చూసుకుంటుంది. అదీ పనే కదా."

"మళ్ళీ నీళ్ళలోకి?"

"చర్మానికి రబ్బరు పడని మనిషి నీళ్ళలోకెలా దిగుతుంది? ఒకసారి రాశాక ఏ సంస్థా తీసుకోదు." అతను వెళ్ళబోతూ ఆగాడు. "మంచి డైవరే. నా చేతుల్లో ఏముంది?"

పిట్ట పీట మీద కూర్చుంది. పెద్దమ్మ స్టవ్ వెలిగించి టీ పెట్టింది. ఏం మాట్లాడినా ఆ పిల్ల ఏడ్చేస్తుందని తెలుస్తూనే ఉంది. అందుకని పంచదార ఎంతేయాలో కూడా అడగలేదు. గ్లాసు చేతికిస్తే పిట్ట రెండు చేతులతో పట్టుకుని ఆవిరి మీదకి వంగింది. కోటు చేతులు మోచేతుల దాకా జారాయి.

పెద్దమ్మ చూపు ఆ మణికట్ల మీద ఆగింది.

నున్నగా ఉన్నాయి. గాజు తీసేశాక మిగిలే గుర్తులాంటి గీత, చుట్టూ సమంగా. అంతే. ఎరుపు లేదు, పొక్కు లేదు.

"మణికట్లు మండవా?"

"ఉహూఁ. అవెప్పుడూ బానే ఉంటాయి."

పెద్దమ్మ టీ గిన్నె కడగడానికి తిరిగింది గానీ కడగలేదు. మణికట్టు సీళ్ళూ మెడ సీలూ ఒకే పెట్టెలో వస్తాయి. ఒకే రబ్బరు. ఇక్కడున్నదీ ఒకే పిల్ల, ఒకే చర్మం. రబ్బరు పడకపోతే మణికట్లకి మాత్రం ఎందుకు పడింది?

సంచి విప్పింది. సూటు తీసి పక్కన పెట్టి, లోపల వేసుకునే బట్టలు తీసింది. చేతికి బరువుగా తగిలాయి. మెడ పట్టీ నుంచి పొట్ట దాకా తడి.

"ఇదేంటే?"

"చెమట."

పెద్దమ్మ ముక్కుకి దగ్గరగా పెట్టుకుంది. "నీ చెమటకి నాచు వాసన వస్తుందా?"

పిట్ట గ్లాసు కింద పెట్టింది. "మొదటి నెల నుంచీ వస్తున్నాయి. తల తిప్పినప్పుడల్లా ఓ గుక్కెడు. దుంగన్నని అడిగితే కాస్త తడి మామూలే అన్నాడు. ఇంకా అడిగితే, చూశారా ఆడపిల్లకి చలేస్తోంది అంటారని ఊరుకున్నాను. వ్యానులోనే పిండి ఆరేసేదాన్ని."

"నాకెందుకు చెప్పలేదే?"

"నీకు మండుతోందని చెప్పాను కదా. చెప్పినప్పుడల్లా నువ్వు సరిచేస్తూనే ఉన్నావు."

పెద్దమ్మ దుంగ సంచిలోంచి అతని బట్టలు తీసి తడిమింది. చంకల దగ్గర తప్ప ఎక్కడా తడి లేదు. లావాటి మెడ, సాగిన సీలు. అతనికి సరిపోయింది. ఇక పిట్ట సూటు తీసుకుని మెడ సీలులోకి తన రెండు పిడికిళ్ళూ పెట్టింది. ఎక్కడా తగలకుండా దూరాయి. మూడో పిడికిలికి కూడా చోటుంది.

బిగుతు సీలు చర్మాన్ని పట్టుకుని కూర్చుంటుంది. దాని గుర్తు మణికట్టు మీద ఉన్నట్టు చుట్టూ సమంగా పడుతుంది. వదులు సీలు కూర్చోదు. తల ఇటు తిప్పితే అటు జరుగుతుంది, అటు తిప్పితే ఇటు. మధ్యలో నీళ్ళు, నీళ్ళలో ఇసుక. గంటల తరబడి గరుకు కాగితంతో రుద్దినట్టే. మెడ ఎర్రబడిందని పిల్ల చెప్పిన ప్రతిసారీ తనేం చేసింది? ఇంకో రాత్రి గిన్నె మీద పెట్టింది. ఆరుసార్లు. ఆరో సారి మూడు రాత్రులు.

కిటికీ కింద గిన్నె బోర్లించి ఉంది. పెద్దమ్మ దాని వంక చూసి, మళ్ళీ చూడలేదు.

"రేపు పొద్దున ఏడింటికి రా," అంది. "ఎవరితోనూ అనకు."

పిట్ట వెళ్ళాక పాత సీలు ఊడదీసింది. పెట్టెలోంచి కొత్తది తీసింది. జిగురు ఒక పూత పూసి, ఆరనిచ్చి, రెండో పూత పూసి, అంచుకి అంచు పెట్టి చిన్న రోలరుతో గాలి బుడగ లేకుండా నొక్కింది. మామూలుగా అయితే ఆ తర్వాత గిన్నె వంతు. ఆ సాయంత్రం సూటుని మెడ కింద గుడ్డ పెట్టి పడుకోబెట్టి, దీపం ఆర్పేసి ఇంటికి వెళ్ళిపోయింది.

*

గురువారం పొద్దున పిట్ట సూటులోకి కాళ్ళు దూర్చి, చేతులు దూర్చి, తల దగ్గరకి వచ్చేసరికి ఆగింది.

"ఇందులోంచి నా తల పడుతుందా?"

"పౌడరు వేశాను. వేళ్ళు లోపల పెట్టి వెడల్పు చేసుకుని దూర్చు. గోళ్ళు తగలనివ్వకు."

తల బయటికి వచ్చింది. సీలు టప్పున మెడని పట్టుకుంది. పచ్చి చర్మం మీద రబ్బరు పడగానే పిట్ట పళ్ళు కరుచుకుంది. ముఖం కందిపోయింది.

పెద్దమ్మ పిల్లని ముక్కాలి పీట మీద కూర్చోబెట్టి, మణికట్టు సీలుకి కాస్త కింద వేళ్ళతో నొక్కి నాడి పట్టుకుంది. ఎదురుగా గోడ గడియారం. ఈ పీటే. అప్పుడు కళ్ళు తేలేసిన డైవరు కూర్చున్నదీ ఈ పీటే.

"మాట్లాడుతూ ఉండు. మీ ఇంటికి మెట్లెన్ని?"

"పద్నాలుగు."

"దుంగ బరువెంత?"

"క్రేనుని అడగాలి."

"కళ్ళు తిరుగుతున్నాయా?"

"తిరగట్లేదు గానీ... గొంతు మీద ఎవరో బొటనవేలు పెట్టినట్టుంది. చెవుల్లో నాడి కొట్టుకుంటోంది."

"తీసెయ్. తీసెయ్ ముందు."

తీశారు. పెద్దమ్మ పెట్టెలోంచి కొత్త కత్తెర తీసింది. బట్ట కత్తిరించే పెద్ద కత్తెర, ఇంతవరకు సీలు మీద వాడనిది. రబ్బరు అంచున మొదటి గీత వెతుక్కుంది. మధ్యలో ఆగితే గంటు పడుతుంది, గంటు పడితే అక్కడే చిరుగుతుంది. పిట్టని సీలు లాగి పట్టుకోమంది. ఊపిరి బిగబట్టి, కత్తెర నోరు పూర్తిగా మూయకుండా, సూటుని తిప్పుకుంటూ ఒకే కోతగా చుట్టూ తెచ్చింది. నల్లటి సన్నటి రబ్బరు గాజు ఒకటి ఆమె ఒళ్ళో పడింది.

మళ్ళీ వేసుకుంది పిట్ట. మళ్ళీ నాడి, మళ్ళీ గడియారం. ఇంకా నొక్కుతోందంది. రెండో వలయం కోసింది. ఈసారి చెయ్యి అంత వణకలేదు.

"ఇప్పుడు?"

పిట్ట తల కుడికి తిప్పింది. ఎడమకి తిప్పింది. పైకెత్తింది. గుటక వేసింది. "పట్టుకున్నట్టుంది. నొక్కినట్టు లేదు."

"నాడి డెబ్భై రెండు. ఐదు నిమిషాలైంది." పెద్దమ్మ కత్తెర మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "ఎందుకైనా మంచిది, ఇంకొక్కటి తీసేద్దాం."

"వద్దు పెద్దమ్మా."

"ఒక్కటేనే. నీళ్ళలో బిగుసుకుంటే..."

"సరిపోయింది," అంది పిట్ట. కత్తెర మీద చెయ్యి వేసింది. "ఇక ఆపు. నీ భయానికి ఎంత కోసినా చాలదు."

పెద్దమ్మ కత్తెర వైపు చూసింది. తన చేతి మీద ఉన్న ఆ పిల్ల చెయ్యి చూసింది. మెల్లగా కత్తెర బల్ల మీద పెట్టేసింది.

షెడ్డు వెనక, సూట్లు పరీక్ష చేసే సిమెంటు తొట్టి ఉంది. మనిషి నిలువునా మునిగేంత లోతు. సూటు లోపల గుండె మీద పెట్టడానికి పెద్దమ్మ పొడి కాగితం కోసం జేబులు వెతికింది. చెల్లెలు రాసిచ్చిన సరుకుల చీటీ దొరికింది. సిరాతో రాసిన చీటీ, చుక్క తడి తగిలినా అక్షరాలు చెదిరిపోతాయి. దాన్నే నాలుగు మడతలు పెట్టి పిల్ల బనీను మెడ కింద దోపింది.

పిట్ట నోట్లో గాలి గొట్టం పెట్టుకుని దిగింది. పెద్దమ్మ తొట్టి గట్టు మీద గడియారం పట్టుకుని కూర్చుంది. తల తిప్పు, ఇంకా తిప్పు, పైకి చూడు అని నీళ్ళలోకి చేత్తో సైగలు చేసింది. నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాల్లో బుడగలు ఆగాయేమోనని నాలుగుసార్లు లేచింది.

పైకొచ్చాక సూటు విప్పి చీటీ తీశారు. ఒక్క అక్షరం చెదరలేదు. పిట్ట పైకి చదివింది: "పంచదార. సబ్బులు రెండు. వంటనూనె. నా గిన్నె." చదివి నవ్వింది. రెండు రోజుల తర్వాత నవ్వడం అదే. "గిన్నె అమ్ముతారా అంగట్లో?"

"అమ్ముతారు. మా చెల్లికి ఆ కిటికీ కిందిదే కావాలి," అంది పెద్దమ్మ. తువ్వాలు తీసుకుని పిల్ల మెడని అద్దింది. పాత గాయం ఉన్నట్టే ఉంది. కొత్తగా ఎక్కడా చర్మం లేవలేదు.

"పెద్దమ్మా, అయితే నా చర్మం బానే ఉందన్నమాట."

"నీ చర్మానికేం, బంగారంలా ఉంది."

మిగతాది చెప్పాలని నోరు తెరిచింది. అప్పుడే దుంగ షెడ్డులోకి వస్తూ ఎవరినో కేకేశాడు. చెప్పలేదు.

*

శుక్రవారం పది గంటలకి డాక్టరు వచ్చాడు. తొందర మనిషి. మేస్త్రి గదిలో కుర్చీ అంచున కూర్చుని పిట్ట మెడ చూశాడు. కాగితం ముందే నింపి ఉంది. ‘కారణం’ అన్నచోట రెండు గడులు: శరీర తత్వం, సామాను లోపం. మొదటి గడిలో మేస్త్రి పెన్సిలుతో టిక్కు పెట్టి ఉంచాడు, డాక్టరు పెన్నుతో దిద్దడానికి వీలుగా.

పెద్దమ్మ పిలవకుండానే లోపలికి వచ్చింది. ఒక చేతిలో పాత సీలు, ఇంకో చేతిలో కొత్త సీలున్న సూటు.

"డాక్టరు గారూ, ఆ పిల్ల మణికట్లు చూడండి," అంది.

డాక్టరు చూశాడు. మళ్ళీ మెడ చూశాడు. పాత సీలు అందుకుని సాగదీశాడు, పిట్ట మెడ దగ్గర పెట్టి చూశాడు. "ఇది ఎవరి మెడకి చేసింది?" అన్నాడు.

"పెద్దమ్మా, ఒక్క నిమిషం," అని మేస్త్రి ఆమెని వరండాలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు.

"మీరేం చేస్తున్నారో తెలుస్తోందా? రెండో గడిలో టిక్కు పడితే డ్యాము వాళ్ళు చీటీలు అడుగుతారు. నాలుగు నెలల చీటీల మీద ‘చూశాను’ అని మీ సంతకమే ఉంది. లోపం ఉన్న సామాను చూశానని సంతకం పెట్టిన మనిషి మళ్ళీ సామాను ముట్టుకోకూడదు. అది నేను పెట్టిన రూలు కాదు."

"తెలుసు."

"పిల్లకి ఒడ్డు మీద పని ఇస్తానంటున్నాను కదా. దాని పొట్ట కొట్టట్లేదు నేను. మీకు ఈ వయసులో ఇంకెక్కడ..."

"దాని మెడ ఒలిచింది నేను మేస్త్రి గారూ. దాని తప్పని ఎలా రాస్తారు?"

"మీరు కావాలని చేశారా? మంచి ఉద్దేశంతోనే చేశారు."

"ఆ కాగితంలో ఉద్దేశానికి గడి ఉందా?"

మేస్త్రి బట్టతల నిమురుకున్నాడు. వరండా చివర ఎవరో గొట్టంతో పడవ కడుగుతున్నారు. 

"పంతొమ్మిదేళ్ళలో ఒక్కడు కూడా మీ సూటులో మునిగిపోలేదు," అన్నాడు చివరికి.

"వాళ్ళ మెడలు లావు," అంది పెద్దమ్మ.

లోపలికి వెళ్ళి డాక్టరు బల్ల పక్కన నిలబడి చెప్పింది. కొత్త సీలు కత్తిరించకుండా గిన్నె మీద సాగదీస్తాననీ, ఈ పిల్లకి ఆరుసార్లు సాగదీశాననీ, మంట బిగుతు వల్ల అనుకున్నాననీ, వదులు వల్లేనని బుధవారం తెలిసిందనీ. డాక్టరు రాసుకున్నాడు. పెన్సిలు టిక్కుని రబ్బరుతో తుడిచి రెండో గడిలో పెన్నుతో పెట్టాడు. కింద ఆమె సంతకం పెట్టింది.

పెద్దమ్మ నోట ఆరుసార్లు అన్న మాట విన్నప్పుడు పిట్ట ఒకసారి తలెత్తి చూసింది. తర్వాత, బయట మెట్ల మీద, అడిగింది.

"అందుకా నిన్న కత్తెర పట్టుకుని అంత వణికావు?"

"కోపం రాలేదా నీకు?"

"వచ్చింది," అంది పిట్ట. "కాసేపు ఉండనివ్వు, పోతుంది." నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. "నిన్నేమైనా అంటారా వీళ్ళు?"

"ఏమంటారు? సంతకం పెట్టించుకున్నారు, అయిపోయింది."

*

పది రోజులు నీళ్ళలోకి దిగొద్దన్నాడు డాక్టరు. పదకొండో రోజు సోమవారమైంది. డ్యాము గేటు పని ఇంకా మిగిలే ఉంది. పెద్దమ్మ ఉద్యోగం వదలడానికి ఆ సోమవారం దాకా గడువు అడిగి తీసుకుంది. వ్యాను కదిలేదాకా ఎవరికీ చెప్పొద్దని మేస్త్రిని మాట అడిగింది. అతను ఇచ్చాడు.

పిట్ట సంచి ఆఖరున సర్దింది. రెక్కలు, తొడుగులు, టోపీ, పొడి బట్టలు. సీలుకి పౌడరు చల్లి, అంచు చుట్టూ వేలు పోనిచ్చి గంటు లేదని చూసి, మళ్ళీ ఒకసారి చూసింది. చీటీ మీద సంతకం పెట్టబోయి ఆగి, మేస్త్రిని పిలిచి పెట్టించింది.

"ఇదేం కొత్త పద్ధతి?" అన్నాడు దుంగ.

"ఆయన చెయ్యి కూడా కాస్త అరగనివ్వు," అంది.

పిట్ట మెడ మీద చర్మం లేత రంగులో కొత్తగా వచ్చింది. ఆ కోపం నిజంగానే పోయినట్టుంది. పెద్దమ్మ అడగకముందే క్లిప్పు తీసి కొక్కేనికి తగిలించింది.

"బుధవారం నాలుగింటికల్లా వస్తాం. టీ పెట్టి ఉంచు. పంచదార ఎక్కువ."

"వెళ్ళిరా," అంది పెద్దమ్మ.

మేస్త్రి వ్యాను ఎక్కుతూ ఏదో చెప్పబోయాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. వ్యాను మలుపు తిరిగింది. కొక్కేల మీద ఏడు వస్తువులు.

పదింటికి కొత్త మనిషి వచ్చాడు. రేవులో పని నేర్చుకున్నవాడు, మంచివాడిలాగే ఉన్నాడు. పెద్దమ్మ బీరువాలు చూపించింది, జిగురు డబ్బాలు చూపించింది, తాళాలు ఇచ్చింది. కొత్త సీలు ఒకటి తీసి వలయాలు చూపించి, అతని చేతనే కత్తెర పట్టించి ఒకటి కోయించింది. మధ్యలో ఆగకు అంది. పిట్ట సూటుకి రెండు వలయాలు, మూడోది ఎవరు అడిగినా కోయొద్దు అంది.

"ఈ దువ్వెనా తాళాలూ ఏంటండీ?" అన్నాడతను గోడ వంక చూస్తూ.

"వాళ్ళవే. వచ్చాక తీసుకుంటారు. కదపకు."

కిటికీ కింది గిన్నె తీసి, లోపల పట్టిన పౌడరు తడిగుడ్డతో తుడిచింది. చేతిసంచి వెడల్పు చేసి అందులోకి దించింది. దాని బోలులో తన టీ గ్లాసు, కళ్ళజోడు పెట్టె, చలికి కప్పుకునే శాలువా పెట్టింది. గది అంతా ఒకసారి చూసింది. బల్ల కింద పడి ఉన్న పెన్ను తనదేనని గుర్తొచ్చి, వంగి అదీ తీసుకుంది.

బుధవారం నాలుగింటికి అందరూ తిరిగి వచ్చారు. పిట్ట మెడ మీద గాజు గుర్తంత సన్నటి గీత ఉంది, అంతే. ఆమె క్లిప్పు ఆమె తీసుకుంది, మేస్త్రి దువ్వెన మేస్త్రి తీసుకున్నాడు. పెద్దమ్మది కొక్కెం మీద ఏమీ లేదు. ఆమె సోమవారం పదకొండు గంటలకి వెళ్ళింది. ఆ గదికి మళ్ళీ రాలేదు.